తొలిప్రేమకు రెండో అవకాశం: మధ్యలో పోయిన ఏళ్ళకు లెక్క ఎవరు చెప్తారు?

క్లుప్తంగా: చిన్న వయసులో ప్రేమించుకుని విడిపోయిన ఇద్దరు ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిసే నవలలను సెకండ్ ఛాన్స్ రొమాన్స్ అంటున్నారు. వీటిలో ప్రేమ పుడుతుందా లేదా అన్నది ప్రశ్నే కాదు, అది మొదటి పేజీకే ఉంటుంది. ఎడబాటుకు బాధ్యులెవరు, ఆ సంగతి వాళ్ళు ఎలా ఒప్పుకున్నారు అన్నదాన్ని బట్టే కథ నిలబడుతుంది. మనసు కుదుటపడటం, మళ్ళీ కలవడం రెండూ ఒకటే అన్నట్టు చూపించడం ఈ కథల్లో తరచూ కనిపించే లోపం. నిజ జీవితం మీద జరిగిన పరిశోధనలు మిశ్రమ ఫలితాలే ఇచ్చాయి.

ప్రేమ నవలలు చదివేవాళ్ళలో చాలామంది ఇప్పుడు కథ రకం చూసి పుస్తకం ఎంచుకుంటున్నారు. శత్రువులు ప్రేమికులవడం, ఉత్తుత్తి పెళ్ళి నిజమైపోవడం, స్నేహం ప్రేమగా మారడం లాంటి లేబుళ్ళ సరసన సెకండ్ ఛాన్స్ కూడా చేరింది. అయితే మిగతావాటి మీద లేనంత వాదన దీని మీద ఉంది. వదిలేసి వెళ్ళినవాణ్ణి మళ్ళీ నమ్మమని అమ్మాయిలకు నూరిపోస్తున్నారని కొందరి అభ్యంతరం. దెబ్బతిన్న మనసు ఎలా కోలుకుంటుందో ఓపిగ్గా చూపించేది ఈ కథలేనని మరికొందరి వాదన. రెండు మాటలూ నిజమే, కాకపోతే వేర్వేరు నవలల గురించి. ఒక నవల ఎటువైపు పడుతుందో తేలేది దాని అల్లికలో.

## అడ్డంకి ముందు కాదు, వెనక ఉంటుంది

రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ప్రేమ నవలకు రెండే షరతులు చెప్పింది: కథకు కేంద్రం ప్రేమే కావాలి, ముగింపు తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. విమర్శకురాలు పమేలా రెజిస్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకాస్త లోపలికి వెళ్ళి ప్రేమ నవలకు ఎనిమిది అంగాలున్నాయని చెప్పారు. పరిచయం, ఆకర్షణ, అడ్డంకి, ఇక అంతా అయిపోయిందనిపించే ఘట్టం, ఆ అడ్డంకిని దాటించే తెలివిడి వాటిలో కొన్ని.

మామూలు ప్రేమకథలో పరిచయం మొదట్లో వస్తుంది, అంతా అయిపోయిందనిపించే ఘట్టం చివరి అంకానికి కాస్త ముందు వస్తుంది. సెకండ్ ఛాన్స్ నవలలో ఆ ఘట్టం పుస్తకం మొదలవకముందే జరిగిపోయి ఉంటుంది. వీళ్ళిద్దరూ ఒకరికొకరు ఎందుకు నచ్చారో రచయిత పాఠకుణ్ణి ఒప్పించనక్కర్లేదు. ఇంత ఇష్టం ఉండి కూడా ఇప్పుడు ఎందుకు కలవలేకపోతున్నారో ఒప్పించాలి. ఉత్కంఠ అంతా 'ఏం జరగబోతోంది' నుంచి 'అప్పుడు ఏం జరిగింది' వైపు మళ్ళుతుంది. అందుకే ఈ నవలలకు ఫ్లాష్‌బ్యాక్ తప్పదు. సగం అధ్యాయాలు అప్పటివి, సగం ఇప్పటివి అన్న పద్ధతి ఇంతగా పాతుకుపోవడానికి కారణమూ అదే.

ఇందులో ఒక మోసానికి కూడా చోటుంది. కథ చెప్పేది కథానాయికే అయినప్పుడు, ఆ రాత్రి ఏం జరిగిందో ఆమెకు తెలిసే ఉంటుంది. అయినా "ఆ సంగతి తలచుకోవడం నాకిష్టం లేదు" అంటూ రెండు వందల పేజీలు దాటవేస్తుంది. అది ఆ పాత్ర బాధ కాదు, రచయిత దాపరికం. విడిపోయిన కారణాన్ని మొదట్లోనే చెప్పేసి, దాని అర్థం మాత్రం మెల్లగా మారుతున్నట్టు చూపించే నవలలు రెండోసారి చదివినా నిలుస్తాయి. కారణాన్నే ట్విస్టుగా దాచుకున్నవాటికి ఆ బలం ఉండదు.

## తొలిప్రేమే ఎందుకు?

ముప్పై దాటాక కలిసిన మనిషితో విడిపోయినా రెండో అవకాశం కథ రాయవచ్చు. కానీ ఎక్కువ నవలలు పదిహేడు, పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ దగ్గరే మొదలవుతాయి. దీనికి జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనల్లో కొంత సమాధానం ఉంది. నడివయసు దాటినవాళ్ళను జీవితంలోని సంఘటనలు గుర్తు చేసుకోమంటే, సుమారు పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవి మిగతా వయసుల కంటే ఎక్కువగా బయటికొస్తాయి. 1980ల నుంచి మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పదేపదే గమనించారు. మొదటిసారి జరిగే పనులు ఆ ఏళ్ళలో ఎక్కువ. తానెవరో ఒక మనిషి తేల్చుకునే వయసు కూడా అదే. అప్పటి ప్రేమ గుర్తొస్తే అవతలి మనిషితో పాటు అప్పటి తనూ గుర్తొస్తుంది.

ఇంకో సంగతి కూడా దీనికి తోడవుతుంది. చెడు అనుభవాలు మిగిల్చిన బాధ, మంచి అనుభవాలు మిగిల్చిన సంతోషం కంటే త్వరగా పలచబడుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. అందుకే పదేళ్ళ తర్వాత గొడవలు మసకబారి, వానలో నడిచిన సాయంత్రం మాత్రం మిగులుతుంది. డిప్రెషన్ లక్షణాలున్నవాళ్ళలో ఈ తేడా తగ్గుతుందని కూడా గమనించారు. తీపిని, చేదును ఒకే మోతాదులో మోస్తున్న కథానాయిక నవలల్లో కనిపించడం వెనక ఈ సత్యం ఉంది, రచయితకు తెలిసినా తెలియకపోయినా.

జ్ఞాపకం ప్రేమను బతికించి ఉంచుతుంది కానీ ఆ మనిషిని మాత్రం అక్కడే ఆపేస్తుంది. ఈ నవలల్లో పదేపదే వచ్చే ఒక సన్నివేశం తీసుకుందాం. పన్నెండేళ్ళ తర్వాత ఎదురుపడ్డారు. అతను అడక్కుండానే ఆమె టీలో రెండు చెంచాల చక్కెర వేస్తాడు. గుర్తుపెట్టుకున్నాడు! చాలా పుస్తకాల్లో ఆమె కళ్ళు చెమర్చేది ఇక్కడే. కాస్త తెలివైన రచయిత ఇదే సన్నివేశాన్ని ఇంకోలా రాస్తాడు. ఆమె కప్పు పక్కన పెట్టి, "చక్కెర మానేసి చాలా ఏళ్ళయింది" అంటుంది. అతను గుర్తుపెట్టుకున్నది పందొమ్మిదేళ్ళ అమ్మాయి అలవాటు. ఎదురుగా కూర్చున్న ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి అతనికింకా పరిచయం కాలేదు. మొదటి పద్ధతిలో ప్రేమకు రుజువు జ్ఞాపకం. రెండో పద్ధతిలో కొత్తగా తెలుసుకోవాలన్న ఆసక్తి. కథ ముందుకు కదిలేది రెండోదాంతోనే.

## విడిపోయిన కారణం

కారణాలు ఎన్ని ఉన్నా స్థూలంగా మూడు దారులు. తప్పు బయటివాళ్ళది కావచ్చు: పెద్దల ఒత్తిడి, డబ్బు లేకపోవడం, దాచేసిన ఉత్తరం. తప్పు ఎవరిదీ కాకపోవచ్చు: వయసు చాలలేదు, ఊళ్ళు వేరయ్యాయి. లేదా ఇద్దరిలో ఒకరిది కావచ్చు: భయపడ్డారు, అబద్ధం చెప్పారు, మాట మీద నిలబడలేదు. మొదటి దారి రచయితకు అన్నిటికంటే సుఖం. నాయకుడు మచ్చ లేకుండా తిరిగొస్తాడు.

ఈ సుఖం కోసం కథను మార్చుకోవడం కొత్తేమీ కాదు. మహాభారతం ఆదిపర్వంలో శకుంతల సభకు వచ్చినప్పుడు దుష్యంతుడికి అంతా గుర్తుంది. గుర్తుండే, ఎరగనన్నాడు. ఆకాశవాణి పలికాక, లోకం నమ్మాలనే అలా అన్నానని చెప్పుకున్నాడు. కాళిదాసు అదే కథను నాటకంగా రాస్తూ దుర్వాసుడి శాపాన్నీ, ఉంగరాన్నీ తెచ్చాడు. దాంతో రాజు మరిచిపోయాడే తప్ప కాదనలేదని అయింది. నింద మనిషి మీద నుంచి శాపం మీదికి జరిగింది. నేటి నవలల్లో యాక్సిడెంట్‌లో జ్ఞాపకశక్తి పోవడం, అత్తగారు మాయం చేసిన ఉత్తరం, వెళ్ళకుండా ఆగిపోయిన మెసేజ్ ఆ శాపం సంతతే.

అయితే కాళిదాసు నాటకాన్ని శాపం ఒక్కటే కాపాడలేదు. ఉంగరం దొరికి, గుర్తొచ్చాక రాజు పడే పశ్చాత్తాపానికి ఆరో అంకం మొత్తం ఇచ్చాడు. ఏడో అంకంలో రాజు శకుంతల కాళ్ళ మీద పడతాడు, ఆమె మనసు కరుగుతుంది. శాపం సంగతి మారీచ మహర్షి (కశ్యపుడు) చెప్పేది ఆ తర్వాతే. అంటే క్షమాపణ ముందు, సాకు తర్వాత. ఇప్పటి రచయితల్లో చాలామంది దీన్ని తారుమారు చేస్తారు. ముందు నిజం బయటపడి నాయకుడు నిర్దోషి అయిపోతాడు, ఇక క్షమాపణ అవసరమే ఉండదు.

నలదమయంతుల కథ ఇంకా పదునుగా నడుస్తుంది. అడవిలో నిద్రపోతున్న దమయంతిని వదిలి వెళ్ళేలా చేసింది కలి అని కథే చెప్తుంది. అయినా దమయంతి వెంటనే చేతులు చాచదు. బాహుకుడి వేషంలో ఉన్నవాడు నలుడేనా అని చెలికత్తె కేశినిని పంపి గమనిస్తుంది, అతను వండినది తెప్పించి రుచి చూస్తుంది, పిల్లలను పంపి అతని ముఖం ఎలా మారుతుందో తెలుసుకుంటుంది. ఆ తర్వాత ఎదురుగా నిలబెట్టి, నిద్రిస్తున్న భార్యను అడవిలో వదిలేసిన ధర్మాత్ముణ్ణి ఎక్కడైనా చూశావా అని అడుగుతుంది. నలుడూ ఊరుకోడు, రెండో స్వయంవరం ఎందుకు ప్రకటించావని నిలదీస్తాడు. ఆమె సమాధానం చెప్తుంది. ఇద్దరూ అడిగారు, ఇద్దరూ చెప్పారు, తర్వాతే కలిశారు. సెకండ్ ఛాన్స్ నవల రాయాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి నమూనా దొరకడం కష్టం.

## ఎనిమిదేళ్ళలో ఆరేళ్ళు

ఆధునిక నవలలో ఈ రకానికి మూలంగా ఎక్కువమంది చూపించేది జేన్ ఆస్టిన్ 'పర్సుయేషన్'. ఆమె మరణించిన 1817లోనే, డిసెంబరులో అది వెలువడింది. పందొమ్మిదేళ్ళ యాన్ ఎలియట్, ఆస్తి లేని నౌకాదళ అధికారి వెంట్‌వర్త్‌తో కుదిరిన నిశ్చితార్థాన్ని తల్లిలాంటి లేడీ రస్సెల్ మాట విని రద్దు చేసుకుంటుంది. ఎనిమిదేళ్ళకు అతను డబ్బు, హోదా సంపాదించి తిరిగొస్తాడు. యాన్ గుర్తుపట్టలేనంతగా మారిపోయిందని అతను అన్న మాట ఆమె చెవిన కూడా పడుతుంది.

పైకి ఇది పెద్దల ఒత్తిడి కథ. కానీ చివర్లో ఆస్టిన్ లెక్క తిరగేసింది. వెళ్ళిన రెండేళ్ళకే చేతికి కొంత డబ్బొచ్చిందనీ, అప్పుడు తాను ఉత్తరం రాసి ఉంటే ఒప్పుకునేదానివా అనీ వెంట్‌వర్త్ అడుగుతాడు. ఒప్పుకునేదాన్నేనని ఆమె జవాబు. అంటే ఎడబాటులో దాదాపు ఆరేళ్ళు లేడీ రస్సెల్ పుణ్యం కావు, అతని అహం పుణ్యం. ఆ మాట అతనే ఒప్పుకుంటాడు. యాన్ మాత్రం క్షమాపణ చెప్పదు. సలహా తప్పే అయినా ఆ వయసులో దాన్ని పాటించడం తప్పు కాదంటుంది. వదిలేసింది ఆమె, పశ్చాత్తాపం అతనిది. పాఠకుడు అనుకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు.

ఈ నవల చివరి అధ్యాయాలకు ఆస్టిన్ మొదట రాసిన ప్రతి ఇప్పటికీ ఉంది. అందులో ఇద్దరూ ఒక ఇంట్లో ఒంటరిగా చిక్కుకుంటారు, ఆమెకు వేరొకరితో పెళ్ళి కుదిరిందన్న పుకారు వీడిపోతుంది, రాజీ అయిపోతుంది. ఆస్టిన్‌కు అది చాలలేదు. తిరగరాసిన ముగింపులో, స్త్రీ ప్రేమ ఎంతకాలం నిలుస్తుందో యాన్ వేరొకరితో వాదిస్తుంటే అదే గదిలో వింటూ వెంట్‌వర్త్ ఉత్తరం రాస్తాడు. మొదటి ముగింపులో ముడి విప్పింది ఒక సమాచారం. రెండోదాంట్లో ఆ ఇద్దరే నోరు విప్పారు. అపార్థం తొలగితే చాలనుకునే నవలలకూ, మనుషులు మారితేనే అనుకునే నవలలకూ ఉన్న తేడా అంతా ఈ తిరగరాతలో కనిపిస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ 1925 నాటి 'ద గ్రేట్ గాట్స్‌బీ'. ఐదేళ్ళ తర్వాత పాత ప్రేయసి డైసీ దొరికినప్పుడు గాట్స్‌బీ అడిగేది ప్రేమ ఒక్కటే కాదు, భర్తను ఎప్పుడూ ప్రేమించలేదని చెప్పమంటాడు. మధ్యలోని ఏళ్ళను లేవనిపించాలి. ఆమె ఆ మాట అనలేకపోతుంది, కథ అక్కడే తెగిపోతుంది. మన దేవదాసుది ఇంకో రకం వైఫల్యం. రాత్రివేళ గదికి వచ్చిన పార్వతిని తిప్పి పంపి, నగరం వెళ్ళి ఉత్తరం రాసి, ఆ వెంటనే తప్పు తెలుసుకుని పరిగెత్తుకొస్తాడు. పశ్చాత్తాపం నిజమే. కానీ దానితో పాటు తెగింపు రాలేదు.

## 'సారీ' ఎక్కడ నిలుస్తుంది

ఈ నవలల పాఠకులు ఎక్కువగా ఎదురుచూసేది నాయకుడు బతిమాలుకునే ఘట్టం కోసం. అది తేలిపోయిందన్న ఫిర్యాదే రివ్యూల్లో ముందుంటుంది. ఎందుకు తేలిపోతుందో చెప్పడానికి 2016లో రాయ్ లెవికీ బృందం ప్రచురించిన అధ్యయనం పనికొస్తుంది. క్షమాపణలో ఆరు భాగాలను వాళ్ళు గుర్తించారు: విచారం, ఏం జరిగిందో వివరణ, తప్పు తనదేనన్న ఒప్పుకోలు, మళ్ళీ చేయనన్న మాట, నష్టం సరిదిద్దే ప్రయత్నం, క్షమించమని అడగడం. వీటన్నిటిలో మనుషులు ఎక్కువ విలువ ఇచ్చింది తప్పు తనదేనన్న ఒప్పుకోలుకు. అన్నిటికంటే తక్కువ విలువ క్షమించమన్న విన్నపానికి.

సగటు నవలలో జరిగేది దీనికి తలకిందులు. నాయకుడు వానలో నిలబడతాడు, పూలు పంపుతాడు, నువ్వు లేకపోతే బతకలేనంటాడు. అంతా విన్నపమే. "నేను భయపడ్డాను. మా నాన్న కారణం కాదు, ఆయన పేరు అడ్డం పెట్టుకున్నాను. నీ ఫోన్ నంబరు నాకు కంఠతా వచ్చు, కావాలనే చేయలేదు" అనే మూడు వాక్యాలు పది పేజీల కన్నీళ్ళ కంటే బరువైనవి.

## మనసు కుదుటపడటం, మళ్ళీ కలవడం

ఇక్కడే ఈ రకం నవలలకు అసలు చిక్కు. ముగింపు సంతోషంగా ఉండాలన్న షరతు ఉంది కాబట్టి, గాయం మానినట్టు చూపించడానికి దగ్గరి దారి ఇద్దర్నీ కలపడం. కానీ క్షమాగుణం మీద దశాబ్దాలుగా పనిచేసిన ఎవరెట్ వర్తింగ్టన్ లాంటి పరిశోధకులు క్షమించడం, రాజీపడటం వేర్వేరని స్పష్టంగా చెప్తారు. క్షమించడం ఒక మనిషి లోపల జరిగే పని. రాజీకి ఇద్దరు కావాలి, నమ్మకం మళ్ళీ ఏర్పడాలి. క్షమించి కూడా కలవకుండా ఉండవచ్చు. క్షమించాలన్న నిర్ణయం ముందు జరిగి, కోపం తగ్గడానికి ఇంకెంతో కాలం పట్టడం కూడా మామూలే.

బాగా రాసిన నవలల్లో నాయిక కోలుకోవడం నాయకుడు రాకముందే మొదలవుతుంది, లేదా అతనితో సంబంధం లేని దారిలో సాగుతుంది: చేస్తున్న పని, తల్లితో తేలని తగవు, కౌన్సెలింగ్, స్నేహితురాలు. వాటిలో పంపని ఉత్తరాలు రాయడం తరచూ కనిపించే అలవాటు. దీనికి ఆధారం లేకపోలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నిబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమను బాధించిన సంఘటన గురించి రాశారు. సంఘటనతో పాటు తమ భావాలను కూడా రాసినవాళ్ళకు రాసిన వెంటనే దిగులు పెరిగింది, తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు వైద్యుడి దగ్గరకు వెళ్ళడం తగ్గింది. తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు కాస్త తక్కువగానే కనిపించాయి. నవలలు సాధారణంగా వదిలేసేది ఆ మొదటి దిగులునే. ఒక్క ఉత్తరం, ఒక్క ఏడుపు, మర్నాటికి మనసు తేలిక!

పనికొచ్చే పరీక్ష ఒకటుంది. చివరి అధ్యాయంలో నాయకుణ్ణి తీసేస్తే నాయిక నిలబడుతుందా? నిలబడితే ఆమె అతన్ని ఎంచుకున్నట్టు. నిలబడలేకపోతే, గాయం చేసిన చెయ్యే మందు కూడా అని నవల చెప్తున్నట్టు. విమర్శకుల అభ్యంతరం న్యాయంగా తగిలేది ఆ రెండో రకానికే.

## నిజ జీవితంలో

కాలిఫోర్నియాలో సైకాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన నాన్సీ కాలిష్, 1990లలో పాత ప్రేమికులతో మళ్ళీ కలిసిన వెయ్యి మందికి పైగా సర్వే చేశారు. వాళ్ళలో దాదాపు 72 శాతం మంది సర్వే నాటికి కలిసే ఉన్నారు. ఈ అంకెను చూసి సంబరపడేవాళ్ళు మరిచిపోయేది ఒకటుంది: వీళ్ళు స్వయంగా ముందుకొచ్చి తమ కథ చెప్పినవాళ్ళు. కథ చెడినవాళ్ళు అంత ఉత్సాహంగా ఫారం నింపరు. పెళ్ళయినవాళ్ళు సరదాకి పాత ప్రేమను వెతకవద్దని కాలిషే తర్వాత హెచ్చరించారు. ఇంటర్నెట్ వచ్చాక వెతకడం సులువైంది, దాంతో సంసారాల్లో చిక్కులూ పెరిగాయి.

ఏళ్ళ తర్వాత కలవడం వేరు, నెలల తేడాతో విడిపోతూ కలుస్తూ ఉండటం వేరు. రెండోది చాలా మామూలు విషయం. అమెరికాలో 17 నుంచి 24 ఏళ్ళ యువత మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, అంతకుముందు రెండేళ్ళలో ప్రేమబంధంలో ఉన్నవాళ్ళలో సుమారు 44 శాతం మంది విడిపోయాక మళ్ళీ ఆ మనిషితోనే కలిశారు. అయితే రెనే డైలీ బృందం 2009లో చూసినదాని ప్రకారం, ఇలా తెగుతూ అతుక్కుంటూ సాగే బంధాల్లో అనిశ్చితి, మాట కలవకపోవడం ఎక్కువ, తృప్తి తక్కువ. నవలలు ఈ రెండు రకాలనూ ఒకే లేబుల్ కింద అమ్ముతాయి. పాఠకుల అయోమయానికి అదొక కారణం. పన్నెండేళ్ళ ఎడబాటు తర్వాత కలిసేది దాదాపు ఇద్దరు కొత్త మనుషులు. మూడు నెలల తర్వాత కలిసేది అదే ఇద్దరు, అదే తగవుతో.

ఆ తగవును నవలలు ఎక్కువగా చూపించవు. ఒప్పుకోలు, కౌగిలింత, ఆ తర్వాత 'రెండేళ్ళ తర్వాత' అనే చిన్న ఎపిలోగ్, అందులో పెళ్ళో పాపో. ఆ రెండేళ్ళలో అతను మళ్ళీ ఒకసారి ఫోన్ ఎత్తకుండా ఆలస్యంగా ఇంటికొచ్చిన రాత్రి ఆమె ఏం అనుకుంది, అతను ఏం చెప్పాడు, ఈసారి ఎందుకు వేరుగా ముగిసింది అన్నది ఎపిలోగ్‌కు ముందు ఒక అధ్యాయంగా రాసే రచయితలు చాలా తక్కువ.